సురవరమువారి వ్యాసదృష్టి: వర్తమానము, సాంఘిక చరిత్ర

వ్యాసమను మాట మనకు పాతది. ఆ మాటతో నేడు మనము వ్యవహరించు రచనాప్రక్రియ క్రొత్తది. సమాసమనగా సంక్షేపించి చెప్పుట, వ్యాసమనగా విస్తరించి చెప్పుట యని శాస్త్రపరిభాష. 1862లో వెలువడిన స్వామినేని ముద్దునరసింహమునాయనివారి ‘హితసూచని’, 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్థాపించిన ‘వివేకవర్ధని’, 1913లో మొదలైన పానుగంటివారి ‘సాక్షి’, ఈ మూడింటిని వరుసగా పేర్కొని తెలుగు వ్యాసచరిత్రను చెప్పుట మన తరగతులలో పరిపాటి. ఈ వరుస సరియైనదే. కాని దీనిని చదువు విద్యార్థికి కళలను గూర్చియు, సంస్కృతిని గూర్చియు, నిత్యము జరుగుచున్న లోకవ్యవహారములను గూర్చియు ఆలోచించి వ్రాసినవారందరు కృష్ణకు తూర్పుననే యుండిరను భావము కలుగుట సహజము. గద్వాల, అలంపురము, వనపర్తి ప్రాంతములనుండి వచ్చిన వ్యాసమునకు ఈ వరుసలో దక్కిన చోటు మిక్కిలి తక్కువ.

సురవరము ప్రతాపరెడ్డిగారిని (1896-1953) మనము చరిత్రకారులని గౌరవింతుము, పత్రికాసంపాదకులని స్మరింతుము. వ్యాసకర్తలని మాత్రము పరామర్శింపము. ఈ ఉపేక్షయందు మాకును పాలు కలదు. మేము మా పరిశోధన గ్రంథమును సిద్ధపరచు దినములలో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ఆకరముగా వాడుకొంటిమి. అందలి విషయములను, అనగా ఆటలు, ఆభరణములు, వంటకములు, నాణెములు మొదలగువానిని చీటీలమీద ఎత్తి వ్రాసికొంటిమి. గ్రంథకర్త నడుమ నడుమ తన కాలమును గూర్చి, తన జిల్లాను గూర్చి, తనకు నచ్చినదానిని నచ్చనిదానిని గూర్చి చెప్పిన మాటలను అప్రస్తుతములని విడిచివేసితిమి. అట్లు విడుచుటయే శాస్త్రీయమని అప్పటి మా విశ్వాసము. పదునైదేండ్ల పిదప ఆ గ్రంథమును వనపర్తిలో విద్యార్థులతో కలిసి మరల చదువునపుడు, మేము విడిచినదియే గ్రంథమునకు వెన్నెముక యని మాకు తోచినది. ఆ పొరపాటును దిద్దుకొనుటకే ఈ వ్యాసము.

౧. సంపాదకుని పీఠము

ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటికాలపాడు. కర్నూలు, హైదరాబాదు, మద్రాసు నగరములలో విద్యాభ్యాసము. పట్టము, పిదప న్యాయశాస్త్రము. సంస్కృతాంధ్రములతోపాటు ఉర్దూ, పారసీకము, ఆంగ్లము తెలిసినవారు. హైదరాబాదులోని రెడ్డి వసతిగృహమునకు అధ్యక్షులుగా పనిచేసిరి. 1926 మే నెలలో ‘గోలకొండ పత్రిక’ వెలువడినది. 1930లో జోగిపేటయందు జరిగిన నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభకు వారు అధ్యక్షులు. 1952లో జరిగిన ఎన్నికలలో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. మరుసటి సంవత్సరము ఆగస్టులో పరమపదించిరి. ఈ విషయములు విజ్ఞులెఱిగినవే. ఇక్కడ వీనిని చెప్పుటకు కారణ మొక్కటి.

వారి రచనలన్నియు ఒక ప్రత్యేకస్థితిలో పుట్టినవి. నిజాము రాష్ట్రమున ఉర్దూ అధికారభాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉన్నతవిద్యకు ఉర్దూయే మాధ్యమము. 1921లో హైదరాబాదులోని వివేకవర్ధని థియేటరులో మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభయందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబోవగా సభ్యులు గేలిచేసిరి. సభలు జరుపుటకు సర్కారు అనుమతి కావలెను. ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అను ఆజ్ఞ ఆ కాలపు కార్యకర్తలందరికి పరిచితము. ఇట్టి చోట తెలుగు పత్రిక నడుపువాడు వార్తలను వేసి యూరకుండుటకు వీలు లేదు. పాఠకునికి భాషపై గౌరవము కలిగింపవలెను; గ్రంథాలయమెందుకో చెప్పవలెను; పండుగ వచ్చినపుడు ఆ పండుగ అర్థమేమో విప్పవలెను; సర్కారు ఉద్యోగి యన్యాయమును సర్కారునకు తప్పుపట్ట వీలులేని రీతిలో ఎత్తిచూపవలెను. అందుచే వారిచేతిలో రాజకీయము, కళ, ఆచారము, భాష వేర్వేరు విషయములుగా నుండలేదు. ‘హిందువుల పండుగలు’, ‘గ్రంథాలయోద్యమము’, ‘నిజాం రాష్ట్ర పాలనము’, ‘రామాయణ విశేషములు’, ‘మొగలాయి కథలు’ అను వారి గ్రంథముల పేళ్లను ఒకచోట చేర్చి చూచినచో ఒకే మనస్సు ఎన్ని దిక్కులకు ప్రసరించినదో తెలియును. వీనినన్నిటిని కలుపు గుణము సంపాదకత్వము. నేడు జరిగినదానికి నేడే సమాధానము చెప్పవలెనను తొందర, చెప్పిన మాట రేపటికిని నిలువవలెనను శ్రద్ధ, ఈ రెండును వారి వ్యాసములలో కలిసియుండును.

౨. ఒక మాటకు సమాధానము

వర్తమానమునుండి సాహిత్యకృషి పుట్టుట కుదాహరణముగా ‘గోలకొండ కవుల సంచిక’ను చెప్పవలెను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను అర్థము వచ్చునట్లు ముడుంబ వేంకటరాఘవాచార్యులుగారు వ్రాసిన మాట ఆ కాలమున చాలమందిని నొప్పించినది. దానికి ఖండనవ్యాసము వ్రాయుట సులభము. కొందఱు వ్రాసియుందురు కూడ. ప్రతాపరెడ్డిగారు ఖండనను గ్రంథముగా మార్చిరి. పత్రికద్వారా కవితలను, కవుల వివరములను సేకరించి 354 మంది కవులతో 1934లో సంచికను వెలువరించిరి.

ఈ సంచికను ప్రశంసించుట మన యాచారమైనది. ప్రశంసతో నాగుట విమర్శకు చాలదు. అందలి కవులందఱు సమానులు కారు. సంస్థానముల నాశ్రయించి పద్యవిద్యను నిలుపుకొన్నవారు కలరు. అభ్యాసదశలో నున్నవారు కలరు. ఆ పద్యముతప్ప మరియొకటి మనకు చిక్కనివారు కలరు. కేవల కవితాగుణమును బట్టి యేరినచో సంఖ్య బాగుగ తగ్గును. కాని ‘లేరు’ అను మాటకు ‘ఉత్తములు కలరు’ అనునది ప్రత్యుత్తరము కాదు. ‘కలరు’ అనునదే ప్రత్యుత్తరము. అస్తిత్వమును నిరూపించు గ్రంథమునకు గుణనిర్ణయ గ్రంథమునకు ప్రయోజనములు వేఱు. సంపాదకుడు ఆ భేదము నెఱిగియే మొదటిదానిని చేపట్టెనని మా యభిప్రాయము.

చిక్కు తరువాత వచ్చినది. మొదటి గ్రంథమువలన సాధ్యమగు రెండవ గ్రంథమును మన మింతవఱకు కోరవలసినంతగా కోరలేదు. 354 అను సంఖ్య పోటీపరీక్షలలో ప్రశ్నయైనది. మా తరగతిలో ఒక సంవత్సరము ఈ సంఖ్య యెంతమందికి తెలియునని యడుగగా దాదాపు అందఱు చేతులెత్తిరి. ఆ కవులలో ఏ యిద్దఱి పేర్లనైన చెప్పుడనగా చేతులన్నియు దిగినవి. మేమును ఆ దినమున నిస్సంకోచముగా చెప్పగలిగిన పేళ్లు పదికి మించవు. ఆ సిగ్గు విద్యార్థులది మాత్రమే కాదు.

౩. నిఘంటువుతో తగవు

‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడినది. 1955లో, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారములు మొదలైన సంవత్సరమున, తెలుగునకు వచ్చిన తొలి పురస్కారము ఈ గ్రంథమునకే లభించినది. గ్రంథకర్త అప్పటికి లేరు. తూర్పు చాళుక్యుల కాలము మొదలు ఆంగ్లేయుల పాలనము వఱకు జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏమి ఆడిరి, దేనిని నమ్మిరి, దేనికి భయపడిరి అను విషయములను కావ్యములనుండి ఏరి కూర్చిన గ్రంథమిది. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’, కొఱవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’, కృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’, కదిరీపతి ‘శుకసప్తతి’, అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’ వంటివి ఆకరములు. రాజుల చరిత్ర వ్రాయుటకు శాసనములు, తారీఖులు కలవు. జనుల చరిత్ర వ్రాయుటకు సామగ్రి చెదరియున్నది. సాంఘిక చరిత్రయే మనకు నిజముగా సంబంధించిన చరిత్రయని గ్రంథకర్త పీఠికలో వాదించిరి.

ఈ పనిలో వారికి మొదట ఎదురైన అడ్డంకి మాటల యర్థము. కావ్యమున ఒక ఆటపేరు వచ్చును. నిఘంటువు తెఱచినచో ‘క్రీడావిశేషము’ అని యుండును. వంటకముపేరు వచ్చినచో ‘భక్ష్యవిశేషము’. పక్షిపేరు వచ్చినచో ‘పక్షివిశేషము’. ఈ ‘విశేషము’ అను మాటపై ప్రతాపరెడ్డిగారి అసంతృప్తి గ్రంథమున పలుచోట్ల కనిపించును. పాఠకునకది చిన్న విసుగుగా తోచును. మాకును మొదట అట్లే తోచినది. నిదానించి చూడగా అది ఒక సాహిత్యసంస్కృతిపై తీర్పు. అలంకారమును సూక్ష్మముగా విభజించి పేర్లు పెట్టిన పండితవర్గము, తన యింటిముందు పిల్లలాడు ఆటను ‘ఒక ఆట’ యని చెప్పి యూరకున్నది. ఉపమకు భేదములు లెక్కించినవారికి జొన్నరొట్టె భేదములు లెక్కింపదగినవిగా తోచలేదు. తెలియకపోవుట దోషము కాదు. తెలిసికొనదగినదని తోచకపోవుట దోషము. వారి తగవు ఇక్కడ.

అయిన వారేమి చేసిరి? నిఘంటువు విడిచి మనుష్యులను అడిగిరి. తామెఱిగిన పాలమూరు, రాయచూరు ప్రాంతముల వాడుకను, పిన్ననాట చూచినదానిని, మిత్రులు చెప్పినదానిని పాతకావ్యముల మాటకు వ్యాఖ్యగా చేర్చిరి. మేము అప్రస్తుతములని విడిచిన వాక్యములు ఇవియే. ఒక పద్యమును చెప్పి, వెంటనే ఇది నేటికిని మావైపు కలదనియో, తమ చిన్నతనమున నుండి ఇప్పుడు పోయినదనియో చెప్పుదురు. మల్లినాథుడు కోశమును ప్రమాణముగా చూపినట్లు, వీరు వర్తమానమును ప్రమాణముగా చూపుదురు. స్వానుభవము ఇక్కడ అలంకారము కాదు, ఆధారము. దానిని తీసివేసినచో మిగులునది పద్యముల పట్టిక మాత్రమే. మా చీటీలలో మిగిలినది అదియే.

౪. ఓరుగంటి వీథి, వనపర్తి గ్రంథాలయము

ఈ పద్ధతి శక్తిని, దాని యిబ్బందిని రెంటిని చూపగల కావ్యము ‘క్రీడాభిరామము’. మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దఱు ఓరుగంటి వీథులలో ఒకనాడు తిరిగి చూచిన వేడుకలే దాని వస్తువు. పూటకూటియింటి భోజనము, కోడిపందెములు, పొట్టేళ్ల పోరు, వీరగాథలు పాడువారు, ఏకవీరాదేవి కొలువు, అన్నియు అందు కలవు. కావ్యవ్యవహారమున చిన్నదిగా నెంచబడిన ఈ వీథినాటకము సాంఘిక చరిత్రకారునకు గని. కాకతీయుల కాలమును వర్ణించుటలో ప్రతాపరెడ్డిగారు దీనిని విస్తారముగా వాడుకొనిరి.

ఈ కావ్యమును మొదట వెలుగులోనికి తెచ్చిన మానవల్లి రామకృష్ణకవిగారు (1866-1957) వనపర్తి సంస్థానమున పండితులుగా నుండినవారు. ‘విస్మృత కళావళి’ యను పేరితో మఱుగుపడిన గ్రంథములను ప్రకటించినవారు, 1909లో నన్నెచోడుని ‘కుమారసంభవము’ను లోకమునకిచ్చి పెద్ద వివాదమునకు కారణమైనవారు, బరోడానుండి ‘అభినవభారతి’ని పరిష్కరించి ప్రకటించినవారు వీరే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములు కవులను, పండితులను పోషించినవని చెప్పుకొనుట ఈ ప్రాంతమున నిత్యము వినవచ్చు మాట. ఆ పోషణ ఫలమేమని యడిగినచో శాలువలను, వార్షికములను చెప్పుదుము. మాకు మాత్రము ఈ క్రమము ముఖ్యముగా కనిపించును: వనపర్తి సంస్థానమున నున్న పండితుడు తాళపత్రములలోని ఓరుగంటి వీథిని అచ్చునకు తెచ్చెను, అదే ప్రాంతమున పుట్టి, తుదకు వనపర్తినుండియే శాసనసభకు పోయిన సంపాదకుడు ఆ వీథిలో సామాన్యుని వెదకెను. మొదటివాడు గ్రంథమును కాపాడెను. రెండవవాడు అందలి మనుష్యులను కాపాడెను. మొదటి పనికి సంస్థానము చాలినది. రెండవ పనికి పత్రిక కావలసివచ్చినది. రాజాశ్రయమునుండి పాఠకాశ్రయమునకు తెలుగు పాండిత్యము మారిన విధమును ఈ యిద్దఱి జీవితములలో చూడవచ్చును.

ఇక నిబ్బంది. ‘క్రీడాభిరామము’ కాకతీయ సామ్రాజ్యము 1323లో పతనమైన పిమ్మట పుట్టిన కృతి. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామము’ దానికి మూలము. కర్తృత్వము వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను చర్చయు కలదు. కావున అందలి ఓరుగల్లు కవి కన్నులార చూచినదా, విన్నదా, మూలమునుండి తెచ్చినదా? ఏ వర్ణన ఏ కాలమునకు సాక్ష్యము? ఈ ప్రశ్నకు ప్రతాపరెడ్డిగారి గ్రంథమున తగినంత సమాధానము లేదు.

౫. మూడు లోపములు

వారిపై మాకుగల గౌరవము విమర్శను మాన్పింపరాదు. మాకు తోచిన లోపములు మూడు.

మొదటిది ఇప్పుడు చెప్పినది. కావ్యము సాక్షి వంటిది; సాక్షి చెప్పినదెల్ల సత్యము కాదు. ప్రబంధములలో వస్తువుల పట్టికలు ఇచ్చుట ఒక కవిసమయము. ‘హంసవింశతి’ కవి వరుసగా చెప్పిన వస్తువులన్నియు ఒకే ఊర ఒకే కాలమున నుండినవని తలచుట పొరపాటు. పట్టికను పూర్తిచేయవలెనను కవి వేడుకకు, చూచినదానిని చెప్పవలెనను శ్రద్ధకు భేదమును గ్రహించు ఉపాయమును గ్రంథకర్త స్థిరముగా నేర్పరచుకొనలేదు. శాసనములతో, విదేశయాత్రికుల వ్రాతలతో పోల్చిచూచినచోట్ల వారి నిర్ణయములు బలముగా నున్నవి. కావ్యమొక్కటియే ఆధారమైనచోట్ల సడలియున్నవి.

రెండవది సంస్కర్త కోపము. మూఢాచారమును చూచినచోట, మతముల కొట్లాటను చూచినచోట, జూదమును మద్యమును చూచినచోట వారు చరిత్రకారుని పీఠమునుండి దిగి సంపాదకుని పీఠమున కూర్చుందురు. కొన్నిచోట్ల ఇది గ్రంథమునకు ప్రాణము. కొన్నిచోట్ల మాత్రము జనులు ఆ యాచారమును ఎందులకు పట్టుకొనిరో తెలియకముందే తీర్పు వచ్చివేయును. వానకై చేసిన మ్రొక్కును నవ్వుటకు ముందు చెఱువు ఎండినదా నిండినదా యని చూడవలెను. కరవుసీమలో పుట్టిన మహారచయితకు ఇది తెలియనిది కాదు, తొందరలో విడిచినది.

మూడవది అన్నిటికంటె గట్టిది. సామాన్యుని చరిత్ర యని మనము చెప్పుకొను ఈ గ్రంథమున సామాన్యుడు స్వయముగా మాటాడుట అరుదు. కవి చూచిన సామాన్యుడు మాటాడును. కలుపుతీయు స్త్రీ, తోలుపనివాడు, వెట్టికి పోయినవాడు మనకు కనిపించుట అగ్రవర్ణకవి యిచ్చిన పద్యమున, అనేకస్థలములలో హాస్యమునకై. వ్రాతయాధారములనే నమ్ముకొన్న పద్ధతికి ఈ హద్దు తప్పదు. పాటలు, కులపురాణములు, చేతిపనివారి మాటలు వంటివానిని ఆకరములుగా స్వీకరించుట పిదప వచ్చిన పరిశోధకుల పని. కాని ఆ పనికి ద్వారము తెఱచినది ప్రతాపరెడ్డిగారే యని మరువరాదు. నిఘంటువు చెప్పనిదానిని మనుష్యుడు చెప్పగలడని యొప్పుకొనిన నాడే వ్రాతయొక్కటియే ప్రమాణమను నియమము తొలగినది.

ఈ లోపములలో రెండవది, మేము గుణమని చెప్పినదానినుండియే పుట్టినదని చదువరులు గమనింతురు. వర్తమానమును వ్యాఖ్యగా వాడుకొను రచయిత వర్తమానపు కోపమును కూడ వెంట తెచ్చును. ఒకటి కావలెను, వేఱొకటి వలదని మనము కోరుట సులభము. రచనలో ఆ రెండును ఒకే చేతినుండి వచ్చినవి.

౬. వారి గద్యము

శైలిని గూర్చి కొంచెము చెప్పి ముగింపునకు వత్తుము. ప్రతాపరెడ్డిగారి గద్యము సరళగ్రాంథికము. వాక్యము పొడుగు కాదు. సంధి కఠినము కాదు. విషయమును ముందు చెప్పి, ఆధారమును పిదప చూపి, తన మాటను తుదకు చేర్చుట వారి వాక్యసరణి. ఆ తుదిమాట తఱచుగా చమత్కారము, కొన్నిచోట్ల చుఱక. ఉర్దూ పారసీకములు తెలిసిన రచయిత కనుక, తెలంగాణమున జనుల నోట నిలిచిన ఉర్దూమాటను అన్యమని తొలగింపలేదు. ఉర్దూ ప్రభుత్వభాషయై తెలుగును అణచుచున్న కాలమున తెలుగుకై పోరాడుచు, ఉర్దూ మాటయందు ద్వేషము లేకుండుట గొప్ప వివేకము. భాషపై పెత్తనము వేఱు, భాష వేఱు అను భేదము వారికి స్పష్టముగా తెలియును. మరియొక విషయము. తమ ప్రాంతమున కవులు లేరనిన మాటకు 1934లో జవాబు చెప్పవలసివచ్చిన మనిషి, 1949లో తన ప్రాంతచరిత్రను మాత్రమే వ్రాసికొనలేదు. తెలుగువారందఱి సాంఘిక చరిత్రను వ్రాసెను. అవమానము పొందినవాడు ఇంతటి వైశాల్యమును చూపుట సామాన్యము కాదు.

ఈ వ్యాసదృష్టి ఈ నేలయందు వారితో ఆగలేదు. అలంపురము గడియారము రామకృష్ణశర్మగారి ‘శతపత్రము’నకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. శాసనములు, దేవాలయములు, ఉద్యమములు, సభలు అన్నిటిని ఒక జీవితకథలో చెప్పిన గ్రంథమది. 1953లో అలంపురమున జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలకు సర్వేపల్లి రాధాకృష్ణపండితులు వచ్చిరి. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించినది ఆ సభలందే. ఏలుబడి మారి అయిదేండ్లయిన కాని ఒక చిన్న పట్టణము అంతటి సభను మోయగలిగినదనగా, దాని వెనుక పత్రికలు, గ్రంథాలయములు పాతికేండ్లు చేసిన పని కలదు.

౭. నేటి మాట

హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టవలెనని 2024లో తెలంగాణ ప్రభుత్వము నిర్ణయించినది. 2025లో శాసనసభ దానిని చట్టముచే స్థిరపఱచినది. ఈ ప్రాంతపువారికి ఇది సంతోషము. మాకును సంతోషమే. కాని పేరు పెట్టుట గౌరవమునకు ఆరంభము, ముగింపు కాదు. విగ్రహమునకు దండవేసి గ్రంథమును మూసియుంచు అలవాటు మనకు కలదు.

ఒక చిన్న ప్రయత్నమును చెప్పుదుము. రెండేండ్ల క్రిందట మేము మా విద్యార్థులకు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లోని ఆటల పేళ్లను కొన్నిటిని ఇచ్చి, సెలవులలో ఇంటికి పోయి పెద్దలను అడిగి రమ్మంటిమి. చాలమంది పేరు విన్నామని మాత్రము చెప్పిరి. ఒక బాలిక ఓమనగుంటల పీటనే సంచిలో పెట్టుకొని వచ్చినది. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు, పిడికెడు చింతగింజలు. ఆట ఆడిచూపుచు, ఇది తన అవ్వ ఒక్కతే ఆడుకొనునని చెప్పినది. తల్లిదండ్రులు వలసపనికి పోయినపుడు అవ్వ దగ్గఱ తాను నేర్చినదట. అమ్మానాన్నలను ఎవరు తీసికొనిపోయిరని యడుగగా ‘గుంపు మేస్త్రి’ యనినది. తరగతిలో ఆ మాట అర్థము కానివారు లేరు. పాలమూరు కూలీలను ముందు సొమ్మిచ్చి దూరదేశముల కట్టడపు పనులకు తీసికొనిపోవువాడు గుంపు మేస్త్రి. ఈ జిల్లాలలో తరములుగా నిలిచిన మాట. మేమా సాయంకాలము మా యింట నున్న నిఘంటువులను తిరుగవేసితిమి. ఆ మాట కనబడలేదు. ‘విశేషము’ అను నాలుగక్షరముల గౌరవమైనను దానికి దక్కలేదు.

ప్రతాపరెడ్డిగారు నేడుండినచో ఆ బాలికను కూర్చుండబెట్టి ఏమేమి అడుగుదురో ఊహించుట కష్టము కాదు. పీటను ఏ కొయ్యతో చేసిరి? గింజలు ఎన్ని? మేస్త్రి ముందిచ్చు సొమ్మునకు ఏమని పేరు? తిరిగి వచ్చునపుడు మీవారు ఏ క్రొత్తమాటలు తెచ్చిరి? గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచు కలుపు నేర్పును వర్ణించి యూరకుండక, ఆ మగ్గమువాని దినకూలి యెంతయని కూడ అడుగుదురు. కళను, సంస్కృతిని, వర్తమానమును ఒకే ప్రశ్నలో చేర్చుట వారి పద్ధతి. నాడు పద్యముల నేరి దానికి తన జిల్లాను వ్యాఖ్యగా చేర్చిరి. నేడు జిల్లాయే మూలగ్రంథముగా మన యెదుట నున్నది, వ్యాఖ్య వ్రాయువారు లేరు.

పరిశోధకుడు తన్ను తాను తొలగించుకొని వ్రాయవలెనను నియమమును మేము త్రోసిపుచ్చుట లేదు. ఆ నియమము తప్పుడు ఆధారములనుండి మనలను కాపాడును. కాని తాను చూచినది, తనవారు చెప్పినది ఆధారమగునపుడు దానిని కూడ తొలగించుట శాస్త్రము కాదు, పిఱికితనము. మేము పదునైదేండ్ల క్రింద చీటీలలో చేర్చుకొనని వాక్యములను ఇప్పుడు వేఱుగా ఎత్తి వ్రాసికొనుచున్నాము. వాని ప్రక్కన ఆ బాలిక చెప్పిన ఆట నియమములు కూడ కలవు. గోలకొండ పత్రికలోని వ్యాసములను, సంపాదకీయములను విషయానుసారముగా పరిష్కరించి, ఏ మాట ఏ సంఘటనకు సమాధానమో చూపు గ్రంథ మొకటి రావలసియున్నది. అది ఒక్కరి పని కాదు. ఈ పత్రికను చదువు పరిశోధక విద్యార్థులలో ఏ యొక్కరైనను దానిలో ఒక సంవత్సరపు సంచికల భాగమునైనను చేపట్టినచో, మా యీ పొరపాటు కొంత తీరినదని యెంచుకొందుము.